అయ్యగారు మూడు నెలలు సెలవు అడిగారు, ఇవ్వాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణం. 160 కుటుంబాలున్న బాప్టిస్టు సంఘం. నేను సంఘ కార్యదర్శిని. మా అయ్యగారు (పాస్టరు గారు) వచ్చి పదిహేనేళ్లయింది. మంచి మనిషి, ఎవరితోనూ గొడవల్లేవు. కిందటి నెల కమిటీ మీటింగులో ఆయన మూడు నెలలు సెలవు కావాలని అడిగారు. జబ్బేమీ లేదు, ఇంట్లో పెళ్లిళ్లూ లేవు. ‘అలసిపోయాను, కొన్నాళ్లు చదువుకుంటాను, ప్రార్థనలో గడుపుతాను, మళ్లీ వస్తాను’ అన్నారు. విదేశాల్లో దీన్ని సబాటికల్ అంటారట. కమిటీలో పెద్ద చర్చ జరిగింది. కోశాధికారి గారు ‘పని లేకుండా నెలకు 22 వేలు ఎలా ఇస్తాం? రేపు సంఘం అడిగితే ఏం చెప్పాలి?’ అంటారు. ఒక పెద్దాయన ‘దేవుని సేవకు సెలవులేంటి? మా నాన్నగారి కాలంలో అయ్యగార్లు సైకిలు మీద పది ఊళ్లు తిరిగారు’ అంటారు. ఇంకొకరికి ఆయన తిరిగి రారేమోనని అనుమానం. యవ్వనస్తులు మాత్రం ఇవ్వమంటున్నారు. ఇంకో విషయం కూడా చెప్పాలి. ఈ మధ్య ఒక సమాధి కార్యక్రమంలో అయ్యగారు చనిపోయినావిడ పేరు మర్చిపోయారు. ఆవిడకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. అప్పటినుంచి నాకు మనసులో ఏదోలా ఉంది. మమ్మల్ని ఏం చేయమంటారు?

సమాధానం:

కార్యదర్శి గారికి వందనాలు.

సెలవు ఇవ్వండి. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మీ కమిటీ సందేహాల్లోకి వస్తాను. అవన్నీ తేలాకే సెలవు అనుకుంటే అయ్యగారు రిటైరయ్యేదాకా తేలవు.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా అనిపించింది కోశాధికారి గారి లెక్క కాదు, సమాధి దగ్గర జరిగిన సంగతి. పేరు ఎవరైనా మర్చిపోతారు. కానీ తన చేతులతో బాప్తిస్మం ఇచ్చిన మనిషి పేరు, ఆవిడ పిల్లలు ఎదురుగా నిలబడి ఏడుస్తుండగా గుర్తుకు రాలేదంటే, ఆయన నోరు ఆరాధన క్రమం చదువుతోంది గానీ మనసు అక్కడ లేదన్నమాట. బహుశా ఆ రాత్రి ఆయన నిద్రపోయి ఉండరు. సెలవు అడగడానికి ధైర్యం కూడా అప్పుడే వచ్చి ఉంటుంది.

‘ఆదివారం ఒక్క పూట పనేగా’ అనేవాళ్లు మీ సంఘంలోనూ ఉంటారు. అలాంటివాళ్లను ఒక్క శనివారం ఆయన వెంట తిరగమనండి. పొద్దున్నే ఎవరింట్లోనో గృహప్రవేశ ప్రార్థన. అక్కడ టిఫిన్ తినకపోతే వాళ్లకు కోపం, తింటే తర్వాతి ఇంటివాళ్లకు కోపం. పదకొండుకి ప్రభుత్వాసుపత్రిలో ఒకరిని చూడాలి. మధ్యాహ్నం ప్రధానం. మగపెళ్లివాళ్లు రెండు గంటలు ఆలస్యం. సాయంత్రం గృహకూటం. రాత్రి పదిన్నరకు ఫోను: మొగుడు తాగొచ్చి కొడుతున్నాడు, అయ్యగారూ మీరొచ్చి ఒక మాట చెప్పండి. వెళ్లి వచ్చేసరికి పన్నెండు. తెల్లారితే ఆరాధన, వాక్యం ఇంకా సిద్ధం కాలేదు. ఈ పనుల్లో ఏదీ కొండలు మోయడం కాదు. కానీ ఒకే రోజులో పెళ్లివారి నవ్వు, ఆసుపత్రి మౌనం, దెబ్బలు తిన్న మనిషి ఏడుపు, మూడింటికీ తగిన ముఖం పెట్టాలి. పదిహేనేళ్లు ఇలా గడిస్తే లోపల తడి ఆరిపోతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. జబ్బేమీ లేదని ఆయన అన్నారు, సరే. అయినా మర్చిపోవడం మొదలైంది కాబట్టి ఒకసారి డాక్టరుకు చూపించుకోమనండి. బీపీ, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది. అలాంటప్పుడు ఇవ్వాల్సింది వైద్య సెలవు. దాన్ని ఈ మూడు నెలల్లో కలిపేయకూడదు. పైగా ‘విశ్వాసం తక్కువై’ అలా అయిందనే మాట కమిటీలో ఎవరి నోటా రానివ్వకండి.

ఇక ‘దేవుని సేవకు సెలవులేంటి’ అన్న పెద్దాయన సంగతి. ఆయనతో వాదనకు దిగితే వాక్యంతోనే దిగాలి, ఆయన ఇంకేదీ వినరు. మార్కు సువార్త 6వ అధ్యాయం తీయండి. శిష్యులు ఊళ్లు తిరిగొచ్చారు. తినడానికి కూడా తీరిక లేనంతగా జనం వస్తూ పోతూ ఉన్నారు. అప్పుడు ప్రభువు ‘మీరేకాంతముగా అరణ్య ప్రదేశమునకు వచ్చి, కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి’ అన్నాడు. ఏలీయా సంగతి ఇంకా స్పష్టం. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చేసిన ప్రవక్త, కొన్నాళ్లకే బదరీవృక్షం కింద కూర్చుని చావాలని కోరుకున్నాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. మాట్లాడింది ఆ తర్వాతే.

నాకు వీటికన్నా నచ్చేది యిత్రో మాట. పొద్దుటినుంచి రాత్రిదాకా మోషే ఒక్కడే కూర్చుని అందరి తగవులూ తీరుస్తుంటే మామగారు చూసి, ఇది మంచిది కాదన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. నువ్వూ, నీతో ఉన్న ఈ ప్రజలూ నలిగిపోతారన్నాడు. ప్రజలు కూడా! పాస్టరు ఒక్కడే అన్నీ మోస్తుంటే పాస్టరు అలసిపోతాడని మనకు తెలుసు. సంఘం కూడా పాడవుతుందని యిత్రోకి తెలుసు. మీ కమిటీలో ఈ కోణం ఎవరూ ఎత్తినట్టు లేదు. నాకు మాత్రం అసలు విషయం ఇదే.

మీరు ప్రకాశం జిల్లావారు కాబట్టి ఒక చరిత్ర గుర్తు చేస్తాను. మిషనరీ దొరలకు ఫర్లో అని ఉండేది. కొన్నేళ్లు ఇక్కడ పనిచేశాక స్వదేశం వెళ్లి రావడానికి ఇచ్చే సెలవు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1872లో అమెరికా వెళ్లారు. ఆయన లేని రోజుల్లో ఒంగోలు పని చూసుకున్నది మెక్‌లారిన్ దొరగారు. పని ఆగిపోలేదు. ఆ మెక్‌లారిన్ గారే తర్వాత 1874లో కాకినాడ వెళ్లి కెనడియన్ బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టారు. (క్లౌ గారి సెలవు పూర్తి విశ్రాంతేమీ కాదు. రామపట్నం సెమినరీకి నిధులు పోగేయడంలోనే చాలా భాగం గడిచింది. ఈ అలవాటు గురించి కింద మళ్లీ చెబుతాను.) గుంటూరు లూథరన్లు ఫాదర్ హయ్యర్ అని పిలుచుకునే ఆయనా అంతే. 1842లో వచ్చి, ఆరోగ్యం దెబ్బతిని కొన్నేళ్లకు అమెరికా వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్యం పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చారు. పల్నాడులో గురజాల ప్రాంతానికి ఆ రెండో రాక వల్లే మేలు జరిగింది.

మరి వాళ్ల పక్కనే ఊరూరూ కాలినడకన తిరిగిన యర్రగుంట్ల పేరయ్య లాంటి మన బోధకులకు? వాళ్లకు ఫర్లో లేదు. దొరలు వెళ్లిపోయాక బంగళాలూ బళ్లూ ఆసుపత్రులూ మన చేతికొచ్చాయి గానీ ఆ సెలవు పద్ధతి మాత్రం ఓడెక్కి వెళ్లిపోయింది. సైకిలు మీద పది ఊళ్లు తిరిగిన అయ్యగార్ల గురించి మీ పెద్దాయన గొప్పగానే చెప్పారు, అది నిజం కూడా. వాళ్లలో ఎంతమంది అరవై దాటి ఆరోగ్యంగా బతికారో కూడా ఆయన్నే అడగండి. ఎగతాళికి కాదు, ఆయనకు ఆ ఇళ్ల సంగతులు మనకన్నా బాగా తెలిసి ఉంటాయి.

బయట ఇది ఇప్పుడు మామూలు వ్యవహారం. బ్రిటన్ మెథడిస్టు సంఘంలో పాస్టర్లకు మొదట పదేళ్ల సేవ తర్వాత, ఆపైన ఏడేళ్లకోసారి మూడు నెలల సబాటికల్ నియమంగానే ఉంది. అమెరికాలో ఇండియానాపొలిస్‌కు చెందిన లిల్లీ ఎండోమెంట్ దీనికోసం సంఘాలకు గ్రాంట్లు ఇస్తుంది. ఈమధ్య సంవత్సరాల్లో ఒక్కో సంఘానికి 60,000 డాలర్ల దాకా ఇస్తున్నారు. అందులో 15,000 దాకా పాస్టరు లేని రోజుల్లో సంఘం అవసరాలకే వాడుకోవచ్చు. మనకు అంత డబ్బూ లేదు, అక్కర్లేదు కూడా. కానీ ఒకటి గమనించండి. దరఖాస్తు పెట్టేది సంఘం, డబ్బు వచ్చేదీ సంఘానికే. అంటే ఈ సెలవులో సంఘానికి కూడా పని ఉంటుందని వాళ్లు మొదటే ఒప్పుకున్నారు. కాలేజీ ప్రొఫెసర్ల సబాటికల్ 1880లో హార్వర్డ్‌లో మొదలైంది. చార్లెస్ లాన్‌మన్ అనే సంస్కృత పండితుణ్ణి రప్పించుకోవడానికి ఇచ్చిన ఆశల్లో అదొకటి అంటారు. సంస్కృతం కోసం అమెరికాలో పుట్టిన సెలవు తెలుగు సంఘానికి ఇంకా చేరలేదు, చిత్రమే.

డబ్బు విషయానికి వద్దాం. కోశాధికారి గారి ప్రశ్న తప్పేమీ కాదు, అది బైబిల్లోనే ఉంది. లేవీయకాండం 25లో ఏడో ఏట భూమిని బీడు పెట్టమన్నప్పుడు, మరి ఆ ఏడు మేమేం తింటాం అని జనం అడుగుతారని దేవుడికి ముందే తెలుసు. జవాబుగా ఆరో ఏటే పంట ఎక్కువ ఇస్తానన్నాడు. కాబట్టి సెలవు ఏడాదిలో వెతుక్కోవడం కాకుండా ముందే కూడబెట్టాలి. జీతం ఎలాగూ ఇస్తున్నదే, అది అదనపు ఖర్చు కాదు. అదనం ఏమిటంటే బయటినుంచి వచ్చే పాస్టర్లకు ఇచ్చే కానుక. ఆదివారానికి దారి ఖర్చులతో కలిపి 1,500 అనుకుంటే 13 ఆదివారాలకు 19,500. మీ 160 కుటుంబాలకు పంచితే కుటుంబానికి 122 రూపాయలు. సంఘ వార్షికోత్సవానికి షామియానాకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చు పక్కన పెట్టి చూడమనండి. ఆయన లెక్కల మనిషి, ఒప్పుకుంటారు.

జీతం సగం ఇస్తామనే బేరం మాత్రం పెట్టకండి. సగం జీతంతో మూడు నెలలంటే ఆయన ఆ మూడు నెలలూ ఎక్కడ మీటింగులు దొరుకుతాయా అని వెతుక్కుంటారు. అది సెలవు కాదు.

ఇక్కడే క్లౌ గారి అలవాటు సంగతి. మన పాస్టర్లకు సెలవు దొరికితే ముందు గుర్తొచ్చేది అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగు సహవాసాలు. డల్లాస్‌లో మూడు కూటాలు, న్యూజెర్సీలో రెండు, వచ్చేటప్పుడు మందిరం స్లాబుకు కొంత సాయం. మంచి పనే, కాదనను. కానీ అలాంటి ప్రయాణం నుంచి వచ్చిన పాస్టరు వెళ్లినప్పటికన్నా ఎక్కువ అలసిపోయి వస్తాడు. మీ తీర్మానంలో ఒక వాక్యం రాయండి: ఈ మూడు నెలల్లో అయ్యగారు ఎక్కడా ప్రసంగం చేయరు, సంఘం కోసం చందాలు అడగరు. ఆయనకు అది ఆంక్షలా కనిపించవచ్చు. నిజానికి పిలిచేవాళ్లకు ‘కాదు’ అని చెప్పడానికి ఆయనకు ఒక సాకు ఇస్తున్నారు.

ఫోను సంగతి ఇంకా కష్టం. ఆ నంబరు సంఘంలో అందరికీ కంఠతా వచ్చు. ఆ మూడు నెలలు సంఘం నంబరు వేరే పెట్టి మీ దగ్గరో, డీకన్లలో (సంఘ పరిచారకుల్లో) ఒకరి దగ్గరో ఉంచండి. అయ్యగారి సొంత ఫోను వాళ్ల ఇంటివాళ్లకే. ఎంత అవసరమైతే ఆయన్ని పిలవాలో ముందే తేల్చుకోండి. మరణం జరిగితే? నా అభిప్రాయం, పిలవకూడదు. ఆ కుటుంబం నొచ్చుకుంటుంది, తెలుసు. కానీ ఒక్కసారి వచ్చారంటే రెండో ఇంటికి రానని చెప్పలేరు. మూడో వారానికి ఆయన మళ్లీ ఊళ్లోనే ఉంటారు.

ప్రసంగ వేదిక ఎవరికివ్వాలనేది తెలుగు సంఘాల్లో చాలా సున్నితమైన విషయం. మూడు నెలలూ ఒక్కరికే ఇస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ‘ఈయన బాగా చెబుతున్నారు’ అని మొదలై రెండు వర్గాలుగా తేలుతుంది. అందుకని నెలకు ఒక ఆదివారం బయటి పాస్టరు గారిని పిలవండి, ఆ రోజే ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) పెట్టుకోండి. మిగిలిన ఆదివారాలు మీలోనే ఉన్న వాళ్లు చెప్పాలి. రిటైరైన టీచర్లు, నర్సులు, బీఈడీ చదివిన పిల్లలు మీ సంఘంలో లేకుండా ఉండరు. మొదటి రెండు వారాలు తడబడతారు, కాగితం చూసి చదువుతారు. పరవాలేదు. అలా చేస్తే పైన నేను వేసిన 19,500 కూడా బాగా తగ్గుతుంది. పెళ్లిళ్లకు మాత్రం ముందే ఏర్పాటు ఉండాలి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించడానికి అర్హత ఉన్నవాళ్లే జరిపించాలి, డీకన్లు సరిపోరు. పక్క పట్టణంలో లైసెన్సు ఉన్న పాస్టరు గారితో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి.

ఇలా జరిగిన సంఘాల్లో ఒకటి గమనించాను. సెలవయ్యాక పాస్టరు చేతికి తిరిగి రాని పనులు కొన్ని ఉంటాయి. ఆసుపత్రికి వెళ్లి చూసిరావడం స్త్రీల సమాజం వాళ్లు నేర్చుకుంటారు, మళ్లీ వదలరు. మొగుడు కొడుతున్నాడని ఫోను వస్తే అయ్యగారి మాటతో సర్దేసే బదులు, ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి ఆ అమ్మాయిని తమ ఇంటికి తెచ్చుకోవడం, అవసరమైతే పోలీసుల దాకా వెళ్లడం మొదలవుతుంది. నా లెక్కలో ఇది పాత పద్ధతికన్నా మేలు.

ఎప్పుడు ఇవ్వాలి? డిసెంబరు, ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు వదిలేయండి. ఈస్టరు అయిన వారం నుంచి జులై దాకా అనువుగా ఉంటుంది. పిల్లలకు సెలవులు కూడా కొంత కలిసొస్తాయి. మే నెలలో వీబీఎస్ (పిల్లల వేసవి బైబిలు బడి) ఉంటుంది, దాన్ని యవ్వనస్తులకు అప్పగించండి. సెలవు ఇవ్వమన్నది వాళ్లే కదా, కొంచెం చెమటోడ్చనివ్వండి.

అమ్మగారి (అయ్యగారి భార్య) గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు, ఎవరి ఉత్తరంలోనూ ఉండదు. సండే స్కూలు, స్త్రీల కూటం, వచ్చినవాళ్లందరికీ టీలు, అయ్యగారు లేనప్పుడు గుమ్మంలో నిలబడి ఏడ్చేవాళ్ల మాట వినడం... వీటిలో దేనికీ జీతం లేదు. సెలవు ఆమెకు కూడా అని తీర్మానంలో రాయండి. అయ్యగారు ఏకాంతానికి వెళ్లి, ఆమె మూడు నెలలు ఒంటరిగా మందిరం పక్క ఇంట్లో జనానికి జవాబు చెబుతూ ఉంటే భారం ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారినట్టే. మందిరం ఆవరణలోనే ఇల్లు కాబట్టి కనీసం కొన్ని వారాలైనా ఇద్దరూ ఊరు దాటి ఉండాలి. ఆమె పుట్టిల్లయినా సరే. అయితే ఆమెను అడిగి. అక్కడికెళ్తే ఆమెకు విశ్రాంతో, ఇంకో వంటిల్లో ఆమెకే తెలుసు.

ఏం చదవాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది ఆయనకే వదిలేయండి. రిపోర్టు అడగకండి. కావాలంటే వచ్చాక ఒక సాయంత్రం కూర్చుని కబుర్లు చెప్పమనండి. మూడు నెలల్లో ఎన్ని పుస్తకాలు చదివారు, ఎన్ని గంటలు ప్రార్థించారు అని లెక్క కట్టే కమిటీలు ఉంటాయి. వాళ్లకు భయపడి పాస్టర్లు సెలవులో కూడా నోట్సు రాసుకుంటూ కూర్చుంటారు. మొదటి మూడు వారాలు ఆయన నిద్రపోతే, తర్వాత వాళ్ల నాన్నగారి పొలం గట్టు మీద తిరిగితే, అది కూడా సెలవే.

తిరిగి రారేమోనన్న భయం ఒకటి మిగిలింది. వెళ్లిపోదలచుకున్నవాడు సెలవు అడగడు, రాజీనామా ఇస్తాడు, లేదా చెప్పకుండా పక్క వీధిలో సొంత సంఘం బోర్డు పెడతాడు. అయినా సంఘానికి ధైర్యం కావాలంటే, సెలవు తర్వాత కనీసం ఒక ఏడాది ఇక్కడే పనిచేస్తానని ఆయన చేత మినిట్స్ పుస్తకంలో రాయించుకోండి. చాలాచోట్ల ఇలాగే చేస్తారు, ఇందులో అవమానమేమీ లేదు. మీరూ ఒకటి రాసివ్వండి: ఆయన లేని సమయంలో ఆయన పదవి గురించి, జీతం గురించి ఏ తీర్మానమూ చేయబోమని. ఆయనకు కూడా భయం ఉంటుంది, మీకు చెప్పి ఉండరు. వచ్చిన మొదటి ఆదివారం శాలువాలూ దండలూ వద్దు. మొదటి వారంలో కమిటీ మీటింగు అసలే వద్దు. మూడు నెలల ఫిర్యాదులన్నీ ఆ ఒక్క రాత్రే ఆయన నెత్తిన పోసేస్తారు.

తీర్మానం పెట్టేముందు ఆ పెద్దాయన ఇంటికి మీరే వెళ్లండి, మీటింగులో ఓడించాలని చూడకండి. వాళ్ల నాన్నగారి కాలపు అయ్యగార్ల కబుర్లు వినండి. ఆయన మనసులో ఉన్నది సెలవు మీద కోపం కాకపోవచ్చు, అయ్యగారు లేకపోతే తనను చూడటానికి ఎవరొస్తారన్న దిగులు కావచ్చు. ఆ మూడు నెలలూ బుధవారం ప్రార్థన కూటం నడిపించమని ఆయన్నే అడగండి. ఎన్నో ఏళ్లుగా ఆయన్ని అలాంటిదేదీ ఎవరూ అడిగి ఉండరు.